కాపు కడియం

పెళ్లికాని ఆడపిల్లలందరికీ ఒంటి తీరు కనిపెట్టి మాట్లాడే కాపు కడియం తొడగాలన్న చట్టం వచ్చేనాటికే ఉరుకుందమ్మ పద్నాలుగేళ్ల బాలింత. ఇప్పుడామెకు పంతొమ్మిదేళ్లు, ముగ్గురు పిల్లలు, వదలని నడుం నొప్పి. చెల్లెలు నాగవేణికి పదిహేను.

ఉరుకుందమ్మ పుట్టింటికొచ్చిన రోజే నాగవేణిని చూడ్డానికి పెళ్లివారొచ్చారు. వాళ్లు కూర్చున్నారో లేదో, పిల్ల చేతి కడియం గట్టిగా పలికింది: "ఈ ఒళ్లు కాన్పుకు తట్టుకోదు. ఇరవై నిండాక రండి." వాళ్లు టీ అయినా తాగకుండా లేచిపోయారు.

తండ్రి కటింగ్ ప్లేయర్ తెచ్చి ఉరుకుందమ్మ చేతిలో పెట్టాడు. "మగాళ్లు ముట్టుకుంటే అరుస్తాది. నువ్వయితే అరవదు. కోసెయ్ తల్లీ."

నాగవేణి లోపల చదువుకుంటోంది. ఉరుకుందమ్మ పెళ్లప్పుడు తనకోసం ఒక్కటంటే ఒక్క గొంతయినా లేవలేదే! ప్లేయర్ పట్టుకుని లోపలికెళ్లింది. కోసేస్తే ఇద్దరి బతుకూ ఒకటే అవుతుందనుకుంటూ చెల్లెలి చెయ్యి ఒడిసిపట్టింది.

"అక్కా, నొప్పి!"

తొలికాన్పులో తానూ అలాగే అరిచింది. ఓర్చుకోమన్నారు అందరూ.

ఉరుకుందమ్మ చెయ్యి వదిలేసింది. ప్లేయర్ తెచ్చి తండ్రి ముందు పడేసి, "దాని జోలికి పోవద్దు నాన్నా" అంది. తిరిగొచ్చి చెల్లెలి దగ్గర నిలబడింది.

"నిన్ను చూస్తే కుళ్లుగా ఉందే" అంది, ఏడుస్తూ.

"తెలుసక్కా" అంటూ నాగవేణి జరిగి చోటిచ్చింది.