ఉయ్యాల మీద పేరు

"ఆగు బాబూ, ఇంకో అక్షరం రాయకు!" ఉయ్యాల మీద పేరు రాస్తున్న పెయింటరు చెయ్యి పట్టుకుంది తల్లి.

"వీచిక అంటే చిన్న అల. ఎంత ముద్దుగా ఉంది వదినా!" అంది, నవల చదివి ఆ పేరు ఏరి తెచ్చిన ఆడపడుచు.

"ముద్దు సరేనమ్మా, నవల్లో ఆ పిల్ల చివరికేమైంది?"

ఆడపడుచు నీళ్లు నమిలింది. "ఏట్లో మునిగిపోయింది."

తల్లి పెయింటరు వైపు తిరిగింది. "తుడిచెయ్యి బాబూ! నా బిడ్డకి చిట్టి చాలు."

"చోద్యం కాకపోతే, కథలో పిల్ల మునిగితే మన పిల్ల..." నవ్వబోయిన ఆడపడుచు, పెయింటరు పేరు తుడుస్తుంటే తడి రంగు గుడ్డకు అంటడం చూసి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"ఇంకేం దాస్తున్నావు?"

"నవల్లోనూ వాళ్లమ్మ ఇలాగే భయపడి పేరు మార్చేసింది వదినా. ఆ తర్వాతే..."

తల్లి బిడ్డను ఉయ్యాల్లోంచి తీసి గుండెలకు హత్తుకుంది.

పెయింటరు మళ్లీ కుంచె ముంచాడు. "ఏం రాయమంటారమ్మా?"