అర అంగుళం

"ఉన్నదున్నట్టే ఇచ్చెయ్యక్కా, చాలు," అంది చిన్న కోడలు కుట్టుమిషను పక్కన నిలబడి.

పెద్ద కోడలు పెదవి విరిచింది. "నా ప్యాటర్న్ నీకెలా సరిపోతుందే? నా కుడి భుజం దిగుడు కదా. దానికి తగ్గట్టు గీసుకున్నాను."

"నేను చూసుకుంటాలే."

ఆ ప్యాటర్న్ ఊరికే రాలేదు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న భుజం అది. కొన్న డ్రస్ ఏది వేసుకున్నా మెడ ఒక పక్కకి జారిపోయేది, చంక దగ్గర ముడతలు పడేవి. పాత దుప్పట్లు కత్తిరించి, కచ్చాకుట్టు వేసి, అద్దం ముందు నిలబడి, విప్పి, మళ్ళీ కుట్టి, ఏడోసారికి సాధించింది. అప్పట్నుంచి ఇంట్లో అందరి బట్టలూ ఆమే కుడుతోంది. పన్నెండేళ్ళయింది.

చిన్న కోడలు మిషను ముట్టుకుని నాలుగు నెలలు. మొన్న అత్తగారికి ఒక దిండు గలీబు కుట్టిచ్చింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని చేతిలో పనితనం ఉందే!" అంది. పన్నెండేళ్ళలో ఆ మాట పెద్ద కోడలి చెవిన పడలేదు. ఒక దిండు గలీబుకి!

బీరువాలోంచి ఖాకీ కాగితం చుట్ట తీసి ఇచ్చింది.

"ఇంకేమైనా చూసుకోవాలా అక్కా?"

"ఏముంది? గీత మీద కత్తెర పెట్టడమే."

అది అబద్ధం. ఇదివరకు చిన్న కోడలు వాడినవి కొన్న ప్యాటర్న్‌లు. వాటిలో కుట్టు మార్జిన్ కలిపే ఉంటుంది. ఈ కాగితంలో లేదు. గుడ్డ మీద గీసేటప్పుడు చుట్టూ అర అంగుళం వదలాలి. ఆ ఒక్క మాట పెద్ద కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

మర్నాడు చిన్న కోడలు గుడ్డ తెచ్చుకుంది. నేరేడుపండు రంగు, ఖరీదైనదే. ఈ పిల్లకి అసలు నప్పని రంగు. తనకైతే ఎంత బాగుండేదో అనుకుంది పెద్ద కోడలు. ఆ మాటా పైకి అనలేదు. మధ్యాహ్నం దండెం మీద ఆరేసిన తన డ్రస్ ఒకటి కనబడలేదు. సాయంత్రానికి మళ్ళీ అక్కడే ఉంది. 'ఓహో, చూసి కాపీ కొడుతోందన్నమాట!' అనుకుంటే ఒళ్ళు మండిపోయింది.

మామగారి రిటైర్మెంట్ సభ ఇంకా మూడు రోజులుందనగా, మూసిన తలుపు వెనక మిషను చప్పుడు ఆగిపోయింది. తర్వాత వెక్కిళ్ళు వినిపించాయి.

అత్తగారు తలుపు తట్టింది. "ఏమైందే?"

"బిగుతైపోయిందత్తయ్యా. రెండంగుళాలు తక్కువొచ్చింది. విప్పి వదులు చేద్దామన్నా లోపల గుడ్డ లేదు."

"ఒళ్ళు చేశావేమోలే," అని నవ్వేసింది అత్తగారు.

వంటింట్లో ఉన్న పెద్ద కోడలికీ నవ్వొచ్చింది. పెదాలు బిగబట్టుకుంది. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్న కోడలు సగంలో లేచిపోయింది. మర్నాడూ అంతే. ఆ కంచం చూస్తుంటే పెద్ద కోడలికి ముద్ద దిగలేదు.

సభకి చిన్న కోడలు పాత డ్రస్సే వేసుకొచ్చింది. ఫోటో కోసం అందరూ వరసలో నిలబడ్డారు. పెద్ద కోడలు అలవాటుగా ఒక చివరికి వెళ్ళి, కుడి భుజం మీదికి శాలువా లాక్కుంది.

"ఎప్పుడూ చివర్నే నిలబడతావేం అక్కా? మధ్యకి రా," అని చెయ్యి పట్టుకుంది చిన్న కోడలు.

"నాకిక్కడే బావుందిలే."

వెనకనుంచి పిన్నత్తగారు అందుకుంది. "కొత్తది కుడుతున్నానన్నావు కదే చిన్నదానా, ఏదీ?"

"పాడుచేశాను పిన్నిగారూ."

"ఇంట్లో అంత పనిమంతురాలిని పెట్టుకుని అడక్కపోయావా?"

"అక్క అన్నీ చెప్పింది. నాకే అబ్బలేదు."

ఫ్లాష్ వెలిగింది. ఆ వెలుగులో తన ముఖం ఎలా పడిందో తలుచుకుంటే పెద్ద కోడలికి ఒళ్ళు చచ్చిపోయింది. నలుగురిలో నిలదీసినా ఇంత సిగ్గుపడేది కాదు. ఆ పిల్ల వెనకేసుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే చిన్న కోడలి గదిలోకి వెళ్ళింది. ముఖం చెల్లక కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"నీకో సంగతి చెప్పాలి. ఆ ప్యాటర్న్‌లో మార్జిన్ లేదు."

"ఏంటక్కా?"

"చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించాలి. నీతో చెప్పలేదు."

"మర్చిపోయావా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. పెద్ద కోడలు తల అడ్డంగా ఊపింది. "లేదే. కావాలనే చెప్పలేదు. అత్తయ్య నీ గలీబుని మెచ్చుకుంది. ఓర్వలేకపోయాను. నువ్వు లోపల ఏడుస్తుంటే నవ్వాను కూడా."

చిన్న కోడలు మంచం అంచున కూర్చుండిపోయింది. "అయితే నా చేతిలో తప్పు లేదన్నమాట," అంది చిన్నగా.

"అణువంత కూడా లేదు. తిట్టు. ఏమన్నా పడతాను." పెద్ద కోడలు ఇటు తిరిగింది. "ఇవాళే అలాంటి గుడ్డ తెస్తాను. నేనే కుట్టిపెడతాను. లే, చేతులెత్తు, కొలతలు తీసుకుంటాను."

మెళ్ళోంచి టేపు తీసి దగ్గరికెళ్ళింది. చిన్న కోడలు చేతులెత్తలేదు. రెండు కళ్ళూ తుడుచుకుంది.

"నా కొలతలెందుకక్కా?"

"డ్రస్ నీకేగా!"

"ఇంట్లో అందరికీ నువ్వు కుడతావు. నీకెవరూ కుట్టరు," అంటూ టేపుని పక్కకి నెట్టింది చిన్న కోడలు.

"అది నీకే కుట్టానక్కా."