గోడకు కొట్టిన బంతి

షిఫా మంచం దిగనంది. గుల్షన్ వదల్లేదు. రెండు చేతులూ పట్టి లేపి కూర్చోబెట్టింది. మొహం కడుక్కొచ్చేదాకా నిలబడింది. జడ తనే అల్లింది.

“నా వల్ల కాదు, వదిలెయ్యండి,” అంది షిఫా.

“సెమీఫైనల్. నువ్వు లేకుండా ఎలా ఆడతారు? లే, బస్సు దొరకదు.”

గుమ్మంలో షిఫా తండ్రి ఖలీద్ నిలబడి ఉన్నాడు. వద్దని కళ్ళతోనే బతిమాలాడు. గుల్షన్ అటు చూడలేదు. మూలనున్న హాకీ కర్ర తీసి దుమ్ము తుడిచి అందించింది. కాలే పెనాన్ని తాకినట్టు షిఫా చెయ్యి వెనక్కి లాక్కుంది. చివరికి ఆ కర్రను గుల్షనే మోసింది.

ఏలూరులో తాడేపల్లిగూడెం బస్సెక్కారు. గుండుగొలను దాటుతుంటే చేపల చెరువుల మీద మంచు ఇంకా విడలేదు. షిఫా కిటికీకి తల ఆనించి కూర్చుంది.

“మీకూ వినబడుతోందా?” అంది ఉన్నట్టుండి.

ఏమిటని గుల్షన్ అడగలేదు.

గుల్షన్ ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేస్తుంది. షిఫా, నాజియా ఆ సందులోనే పుట్టి పెరిగారు. తెల్లారకముందే లేచి సందు చివరి గోడకు బంతి కొట్టేవాళ్ళు. టక్. టక్. ఇరుగుపొరుగు తిట్టుకునేవారు. నాజియా పోయాక ఆ గోడ దగ్గరికి ఎవరూ వెళ్ళడం లేదు. అయినా మగ్గం ముందు కూర్చుంటే చాలు, గుల్షన్‌కు ఆ చప్పుడే. ముడి వేస్తున్న వేళ్ళు ఆగిపోయేవి. బయటికొచ్చి చూస్తే సందంతా ఖాళీ. అరుగు మీద షిఫా ఒక్కతే ఆ గోడను చూస్తూ కూర్చుని ఉండేది.

“వినబడుతోంది,” అంది గుల్షన్. “బంతి చప్పుడే కదమ్మా. వినబడనీ.”

గూడెం గ్రౌండు అప్పటికే నిండిపోయింది. దెందులూరు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. కొల్లేటి ఊళ్ళ నుంచి చేపల వ్యాన్లు కడుక్కుని, వాటిలోనే వచ్చారు. డప్పులు, ఈలలు. జూనియర్ బాలికల హాకీలో మన జిల్లా ఇంతదాకా రావడం ఇదే మొదలు. గెలిస్తే రేపు ఫైనల్. షిఫాను జట్టుతో పంపి, గుల్షన్ ముళ్ళకంచె పక్కనే చోటు చూసుకుని కూర్చుంది.

“షిఫా దిగుతుందంటారా?” వెనక వరసలో ఎవరో అడిగారు.

“వచ్చిందట. దిగితే మాత్రం అనంతపురం వాళ్ళ పని అయిపోయినట్టేనండి,” అన్నాడు బుచ్చిబాబు. దెందులూరులో టీ కొట్టు మూసేసి వచ్చాడు. మెడలో జట్టు రంగు కండువా. “పెనాల్టీ కార్నర్ ఆ అమ్మాయి కొడితే ఆపేవాళ్ళు లేరు. నిరుడు ఆ కొట్టడమే కదండీ కొంప ముంచింది.”

గుల్షన్ పక్కన కూర్చున్న కాంతం వెనక్కి తిరిగింది. ఆమె మనవరాలు గోల్ కీపరు. “ఏం జరిగిందండీ? మా పిల్లనడిగితే ఏడుస్తుందే గానీ చెప్పదు.”

“ప్రాక్టీసులో కొట్టిన బంతి పైకి లేచిందండి. గోల్ ముందు నాజియా అనే అమ్మాయి ఉంది. కణతకి తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ దక్కలేదు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్న పిల్లలట. అప్పట్నుంచీ ఈ అమ్మాయి కర్ర ముట్టలేదు. జట్టులో పేరు మాత్రం కోచ్ తియ్యలేదట.”

కాంతం నిట్టూర్చింది. కాసేపయ్యాక గుల్షన్ వైపు జరిగింది. “మీ అమ్మాయి కోసం వచ్చారాండీ?”

“అవునండీ. మా పిల్లకి హాకీ అంటే ప్రాణం.”

అంతలో కంచె అవతలికి షిఫా పరుగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయింది.

“వెళ్ళిపోదామండీ. గోల్ ముందు అదే నిలబడి ఉంది. నేను చూశాను.”

డప్పుల్లో ఆ మాట ఇంకెవరికీ వినబడలేదు. గుల్షన్ కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. గుల్షన్ గోల్ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“నాకూ కనబడుతోంది,” అంది. “నవ్వుతోందా, కోపంగా ఉందా? సరిగ్గా చూసి చెప్పు.”

షిఫా మెల్లగా తల తిప్పింది. “కోపంగా లేదండీ.”

“మరి వెళ్ళు. దాన్ని ఎంతసేపు నిలబెడతావు?”

షిఫా కళ్ళు తుడుచుకుంది. కంచెకు ఆనించి ఉన్న కర్రను గుల్షన్ పైనుంచి అందించింది. ఈసారి పట్టుకుంది. వెనక్కి చూడకుండా నడిచింది.

మైకులో పేర్లు చదవడం మొదలైంది. షిఫా పేరు వినగానే డప్పులు ఒక్కసారిగా లేచాయి. బుచ్చిబాబు కండువా తీసి గాల్లో ఊపాడు. అరుపులు సద్దుమణిగాక మైకు మళ్ళీ పలికింది. ఆట మొదలయ్యే ముందు నాజియా కోసం అందరూ ఒక్క నిమిషం మౌనంగా నిలబడాలని కోరింది.

గ్రౌండంతా లేచింది. డప్పులు ఆగాయి. జెండా తాడు గాలికి స్తంభాన్ని కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం మిగిలింది. మధ్యలో షిఫా తల వంచకుండా గోల్ వైపే చూస్తూ నిలబడింది.

కాంతం కళ్ళొత్తుకుని గుల్షన్ చెవి దగ్గరికి వంగింది. “కడుపుకోత ఓర్చుకోవడం మాటలాండీ. ఈ పిల్ల మొహం చూడలేక ఆ నాజియా తల్లి ఏ ఊరు పట్టుకుపోయిందో పాపం.”

“ఇక్కడే ఉన్నానండీ,” అంది గుల్షన్, షిఫా మీంచి చూపు తిప్పకుండా.