గురువారం సంతకం

పెన్ను మూత తీసిన ధనంజయ, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మూత పెట్టి జేబుకు తగిలించుకున్నాడు.

"గురువారం పెడతాన్లేమ్మా" అన్నాడు.

కాగితం పట్టుకుని నిలబడిన లోహిత ముఖం వాడిపోయింది. చిత్తూరు దగ్గర ధనంజయ పెట్టిన మామిడి గుజ్జు కంపెనీకి ఆమె సెక్రటరీ. కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉంది, షేర్లలో సగానికి పైగా ధనంజయవే. కాబట్టి ఆయన అమ్మినా కొన్నా లోకానికి చెప్పి తీరాలి. మొన్న శుక్రవారం, తిరుపతిలో లాడ్జి కట్టడానికని, ఆయన తన వాటాలో పెద్ద ముక్క అమ్మాడు. రెండు పనిదినాల్లోగా ఆ సంగతి రాసి, సంతకం పెట్టి పంపాలి. ఈరోజు సోమవారం.

"రేపు సాయంత్రంతో గడువు అయిపోతాది సార్. దాటితే జరిమానా వేస్తారు. పేరు కూడా బయట పెడతారు."

పేరు అనేసరికి ధనంజయ కాస్త కదిలాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల సంఘానికి ఈ ఏడాదే అధ్యక్షుడి ఎన్నిక. ఆ కుర్చీ కోసం ఆయన కొన్నేళ్లుగా ఎవరింట పెళ్లయినా ముందు వరసలో కూర్చుంటున్నాడు, ఎవరింట చావైనా అందరికన్నా ముందు ఏడుస్తున్నాడు. మచ్చ పడితే ఆ ఏడుపులన్నీ వృథా. అయినా స్వామి మాట స్వామి మాటే.

"గోవిందస్వామి సెప్పినాడు. గురువారం దాకా సంతకానికి గడియలు బాగలేవంట."

"మా ఇంట్లో క్యాలెండర్లో ఈ పొద్దు మంచి దినమనే ఉండాది సార్."

"క్యాలెండర్ ఊరందరిదీ. సామి నా ఒక్కడి జాతకం సూసి సెప్పినాడు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తుంది? లోహిత కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

గోవిందస్వామిని అడగకుండా ధనంజయ చెక్కు మీద కూడా సంతకం పెట్టడు. ఆ లెక్కన స్వామికి ఈపాటికి మేడలు లేవాలి. లేవలేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలని ధనంజయకు ఫ్యాక్టరీ భూమిపూజ నాడు దక్షిణకు చెయ్యి రాలేదు. దాని బదులు, ముందు ముందు ఇవే బంగారమవుతాయని చెప్పి, కొన్ని షేర్లు స్వామి పేరున రాసిచ్చి కాళ్లకు దండం పెట్టాడు. ఆ తర్వాత చూసిన ప్రతి ముహూర్తమూ ఆ షేర్ల కిందే జమ. వీటితో టెంకాయ అన్నా కొనుక్కోవచ్చునా అని స్వామి అప్పుడప్పుడూ ఎగతాళి చేసేవాడు. ధనంజయ కూడా నవ్వేసి ఊరుకునేవాడు.

నిన్న ఆదివారం స్వామి ఇంటి అరుగు మీద కూర్చుని ధనంజయ అంతా విప్పి చెప్పాడు. తాను అమ్ముకున్న సంగతి బయటపడితే రేటు తూలుతుందని ఆయన గుబులు. అందుకే గట్టి ముహూర్తం కావాలన్నాడు. స్వామి ఫోన్ తీసి చాలాసేపు చూశాడు. ఈ రోజుల్లో పంచాంగం కూడా ఫోన్లోనే కదా. తర్వాత వేళ్లు మడిచాడు, కళ్లు మూశాడు, గురువారం పొద్దున అన్నాడు. అంతదాకా ఈ మాట ఇంకొకరి చెవిన పడనీయొద్దని గట్టిగా చెప్పాడు.

బయల్దేరేటప్పుడు ధనంజయ మొహమాటానికి జేబులో చెయ్యి పెట్టబోయాడు. ఈసారికి ఏమీ వద్దని స్వామి తానే వారించాడు. ఇంత ఆశ లేని మనిషి జిల్లాలో ఇంకొకడు ఉండడని ధనంజయ దారిపొడవునా మురిసిపోయాడు.

గురువారం పొద్దున పట్టుపంచె కట్టుకుని, తూర్పుకు తిరిగి, ధనంజయ సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి వార్త పాకింది. ఓనరే అమ్ముకుంటే మనకెందుకని జనం ఎగబడి అమ్మారు. పది రోజులు తిరిగేసరికి రేటు సగానికి పడింది.

కొన్నాళ్లకు, ఆలస్యానికి కారణం చెప్పమని ముంబైలోని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ నుంచి నోటీసు వచ్చింది. లోహిత వద్దు వద్దంటున్నా వినకుండా ధనంజయ ఉన్నదున్నట్టు రాయించాడు. చట్టంలో సెలవులు ఉన్నాయి గానీ వర్జ్యాలు లేవని అధికారి తీర్పులో రాసి, లక్షల్లో జరిమానా వేశాడు. ఆ ఒక్క వాక్యం చిత్తూరు మామిడి వ్యాపారుల ఫోన్లలో పెళ్లి ఫోటోల కన్నా ఎక్కువ తిరిగింది. సంఘం ఎన్నికలో ఆయనకు పోటీగా నిలబడిన మునికుమార్ గెలిచాడు. ధనంజయ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

ఆ కడుపుమంటతోనే ఆయన నేరుగా స్వామి ఇంటికి పోయాడు. కడిగేయాలని దారిలో నాలుగు మాటలు కూడబెట్టుకున్నాడు కూడా. తీరా ఆ అరుగు మీద కూర్చుని, స్వామి భార్య వరదమ్మ ఇచ్చిన చల్లటి మజ్జిగ తాగేసరికి కోపం కాస్తా జాలిగా మారింది. పాపం, ఈయన మాత్రం ఏం బాగుపడ్డాడు?

"నా పరువు పోయింది, దుడ్లూ పోయినాయి. అది నా తలరాత సామీ" అన్నాడు. "నా మాట నమ్మి ఇన్నేండ్లు పెట్టుకున్న నీ షేర్లు గూడా మట్టిలో కలిసిపోయినాయే, అదే నా బాధ."

స్వామి ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు.

"నావి సోమవారమే అమ్మేసినానప్పా."