చివరి శబ్దం

పంచదార డబ్బా మూత మళ్ళీ తీసి ఉంది. కోడలు పొద్దున్నే ఇల్లు పీకి పందిరేసింది.

"మూత పెట్టడానికి ఎంతసేపు పడుతుంది అత్తయ్యా? చీమలు నా మంచం దాకా వచ్చాయి."

తనకు షుగరుందని, ఆ డబ్బా ముట్టి ఏడాదైందని అత్తగారు అన్నారు. నాలుగేళ్ళ పాపకు ఆ అర అందదు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన భర్త ఇంకా చెప్పులైనా విప్పలేదు.

"చీమల్నే అడగరాదూ, ఎవరు పిలిచారో చెప్తాయి," అన్నాడు.

ఆమె ఊరుకునే రకం కాదు. దొంగను సాక్ష్యంతో సహా పట్టాలనుకుంది. పాత ఫోన్ ఒకటి వంటింటి అటక మీద పెట్టింది. అలికిడి అయితే చాలు, అది కొన్ని సెకన్లు రికార్డు చేసి ఆ క్లిప్పును ఆన్‌లైన్ ఫోల్డర్లో వేస్తుంది. మిగతాది ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. కోడ్ రాయకుండా, తెర మీద గళ్ళను గీతలతో కలిపి, పనులు వాటంతటవే జరిగేలా చేయడమే ఆమె ఉద్యోగం. ఒక గడి ఫోల్డర్లోని క్లిప్పులన్నీ తెస్తుంది. ఇంకోటి వాటిని అతికి ఒకే ఫైలు చేస్తుంది. ఆఖరిది దాన్ని ఆమె ఫోన్‌కు పంపుతుంది.

మర్నాడు ఆఫీసులో, టీ విరామంలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నది.

ముందు అడుగుల చప్పుడు. తర్వాత వెనక తలుపు గడియ తీసిన చప్పుడు. స్టవ్ నాబ్ తిప్పిన టక్కు, సుయ్‌మని గ్యాస్, మళ్ళీ టక్కు. డబ్బా మూత. మెల్లగా నడక. చివరగా, కిర్రుమంటూ తెరుచుకున్న ఒక తలుపు.

ఆ కిర్రు ఆమెకు తెలుసు. వంటింటిని ఆనుకున్న తన గది తలుపుది. నూనె వేయమని భర్తను ఎన్నాళ్ళుగానో పోరుతోంది. అతను డ్యూటీకి వెళ్ళాక ఆ గదిలో పడుకునేది తనొక్కతే.

పొద్దున లేచేసరికి ఆ తలుపు బార్లా తెరిచి ఉండడం గుర్తొచ్చింది. ఎవరో ఇంట్లోకి వచ్చారు. గ్యాస్ తిప్పి చూశారు. అప్పుడు పది అడుగుల దూరంలో, హాల్లో, నానమ్మ పక్కన పాప నిద్రపోతోంది.

భర్తకు ఫోన్ చేసింది. విన్నదంతా చెప్పింది. అతను తల్లిని అడిగి మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. ఆవిడ లేచేసరికే వెనక గడియ తీసి ఉందట, కోడలే తీసిందనుకున్నారట.

"ఎవడో సందులోంచి చువ్వ పెట్టి తీసుంటాడు. సాయంత్రానికి గట్టి గడియ తెస్తా. నువ్వు భయపడకు," అన్నాడు.

పోలీసులకు ఇవ్వాల్సి వస్తే ఏ శబ్దం ఎప్పటిదో తెలియాలి కదా అని ఆమె ఆ గళ్ళను మళ్ళీ తెరిచింది. అక్కడ కనిపించింది పొరపాటు. ఫోల్డర్ క్లిప్పులను కొత్తది ముందు, పాతది చివర పేర్చి ఇస్తోంది. అతికే గడి ఆ వరుసలోనే అతికేసింది. ఇలాంటి తప్పుకే మొన్న పక్క సీటు అబ్బాయికి చీవాట్లు పెట్టింది.

వరుస మార్చి మళ్ళీ విన్నది.

ఇప్పుడు మొదటి శబ్దం ఆ కిర్రే; అక్కడే ఆపేసింది. ఇందాకటి భయం ఈ భయం ముందు ఏపాటిదీ కాదు.

పొద్దుగూకగానే భోజనాలకు కూర్చున్నారు. భర్త డ్యూటీకి సెలవు పెట్టాడు. కొత్త గడియ, స్క్రూలు కంచం పక్కనే పెట్టుకున్నాడు. అత్తగారు వీధిలో అందరినీ వరసగా అనుమానించి, పాలవాడి దగ్గర ఆగారు. పాప అమ్మ ఒళ్ళోకి ఎక్కబోయింది. ఆమె పాపను మెల్లగా నానమ్మ వైపు జరిపింది.

"తినగానే వెనక తలుపుకి బిగించేస్తా," అన్నాడు భర్త.

"వెనక తలుపుకి వద్దండీ," అంది ఆమె, కంచంలోంచి తలెత్తకుండా. "నా గదికి బిగించండి, బయటివైపు."