మెడలో పేరు

ముఖాలనూ గొంతులనూ మరిపించే జబ్బు ఊరంతా పాకాక, మెడలో బిళ్ల పలికే పేరే మనిషికి ఆనవాలైంది.

బడి నుంచి తెచ్చిన కూతురికి స్నానం చేయిస్తున్న హైమావతి ఉలిక్కిపడింది. పిల్ల వీపు మీద ఉండాల్సిన కాలిన మచ్చ లేదు.

"నువ్వెవరమ్మా?"

"రజియాని. ఆటలో మీ పాపా నేనూ బిళ్లలు మార్చుకున్నాం."

హైమావతి పిల్లను తువ్వాలులో చుట్టుకుని బడి వైపు పరుగెత్తింది.

దారిలో ఒకావిడ ఏడుస్తూ ఎదురొచ్చింది, చంకలో పిల్లతో. "ఈ మచ్చ మీ పాపదేనా అండీ?"

"మా పాపే!" హైమావతి చేతులు చాచింది. "రా తల్లీ, అమ్మని."

పాప ఆవిడ భుజాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. "అమ్మవైతే నీ బిళ్లేది?"

హైమావతి మెడ తడుముకుంది. తడవకుండా తీసిపెట్టిన బిళ్ల ఇంట్లోనే ఉండిపోయింది.