మైపాడు నుంచి తిరుగుదారి

నంద్యాలలో వాచీలు బాగుచేసే బుడేన్, 1981లో మోటారుసైకిల్ మీద ఒంటరిగా మైపాడు వెళ్లాడు. సముద్రం చూశాడు, చేపల పులుసు కడుపారా తిన్నాడు. తిరుగుదారిలోనే చిరాకు మొదలైంది. ఎవరినో మోస్తున్నట్టు బండి లాగలేకపోయింది. ఇద్దరు మెకానిక్కులు ఏ లోపమూ లేదన్నారు.

చీకటి పడ్డాక ఆళ్లగడ్డ దగ్గర బండి ఆగిపోయింది. తన్నీ తన్నీ కాలు నొప్పి పుట్టింది. ఆ నిశ్శబ్దంలో బండి నుంచి బొట్లు బొట్లుగా ఏదో కారుతున్న చప్పుడు. పెట్రోలేమోనని తడిమాడు. వెనక సీటు తడిసి ఉంది, సముద్రపు వాసన.

శనగచేను కాపలా ఉన్న ఎర్రమ్మ లాంతరుతో వచ్చింది.

"ఒక్కనివే వచ్చినావా అప్పా?"

"ఒక్కణ్నే అవ్వా."

"మరి ఈ తడి అడుగులెవరివి? మా గుడిసె తట్టు పోయినాయే! ఆడ నా కూతురు, బాలింత, ఒక్కతే ఉండాది!"

ఇద్దరూ పరుగెత్తారు. తలుపు లోపల గడియపెట్టి ఉంది. లోపల ఎవరో జోల పాడుతున్నారు.

"అది నా బిడ్డ గొంతు కాదప్పా," అంది ఎర్రమ్మ.